మూడో నంబరు ట్రే

"పండు మాగడమంటే ఏమంటే..." అని మొదలుపెట్టినాడు
కొత్త మేనేజరు,
తోతాపురి మీద పెన్ను ఆనించి.
రెండు మాటలకోసారి ఆగి
"అర్థమైందా, రెడ్డెమ్మా?"

చిత్తూరు బైపాసు పక్కన ఈ గుజ్జు ఫ్యాక్టరీలో
నాకిది ఇరవైరెండో సీజను.
దామలచెరువు లోడేదో, బంగారుపాళెం లోడేదో
టార్పాలిన్ విప్పకముందే చెప్పే ముక్కు ఇది.
నేను సరేనన్న డ్రమ్ము ఒక్కటీ
ఓడ దిగి వెనక్కి రాలేదు.
ఆ మాట చెప్పుకోవాలనిపించింది.
చెప్పుకోలేదు.
జీతాలు పెంచేది ఆగస్టులో.

ఈ పొద్దు మూడో నంబరు ట్రే కాడ నిలబడిపోయినా.
"సార్, ఇది గడ్డిలో మాగింది కాదు. కార్బైడు."
మీటరు ఎత్తి చూపించినాడు.
"పద్నాలుగు. చాలదా?
నీ ముక్కుకేమన్నా సర్టిఫికెట్టు ఉండాదా?"
బెల్టు కాడ ఆడోళ్లు నవ్వినారు,
కొందరు ఆయన కోసం,
కొందరు ఎందుకో వాళ్లకే తెలీకుండా.

రిజిస్టరు తీసినా.
తేదీ, టైము, లారీ నంబరు.
"నేను వద్దన్నాను" అని గుండ్రంగా రాసి
ఆయన ముందర పెట్టినా.
"సంతకం, సార్."

పెన్ను గాల్లో నిలిచింది,
పొద్దున్నుంచీ నాకు పాఠం చెప్పిన పెన్నే.

అప్పుడు వంగినాడు ట్రే మీదికి,
టై పండ్లకు తగలకుండా చేత్తో పట్టుకొని.
"ఏమీ రాలేదే."
"తొడిమ కాడ, సార్. వెల్లుల్లి మాదిరి."
మళ్లీ వంగినాడు.
శానాసేపు.

నాలిక చివరి దాకా వచ్చిన మాటని
మాస్కు లోపలే ఉంచుకున్నా:
అర్థమైందా?