పాతర వాసన

నలభై ఐదో రోజు పొద్దున్న
నీలం సంచి మూతి విప్పితే
గడ్డి కంటే ముందు చోడంబలి పులుపు లేచింది.
అరుగు మీద మా అత్త దాలమ్మ
ముక్కెగరేసి "కుదిరినాది" అంది.
కళ్లకి పొర కమ్మిన ఏడాది నుంచీ
ఇంట్లో సగం సంగతులు
ముందు ఆవిడ ముక్కుకే తెలుస్తాయి.

లావేరు రోడ్డు వార ఎకరంపావు మొక్కజొన్న అది.
కంకిలో పాలు పిండవుతున్న వారంలోనే
నిలువునా కోయించేశాం.
దారినపోయేవాళ్లు ఆగి మరీ అడిగారు,
"పచ్చిసేను నరికీసినారేటి, మతిగాని పోనాదేటి?"
ముక్కలు చేసి సంచుల్లో పోసి
నేనూ తవిటయ్యా ఎక్కి తొక్కాం,
మడమలు పచ్చబడేదాకా.
గాలి మిగిలితే చెడుతుందట.

సైలేజీ అంటే అర్థంకాక
పాతర గడ్డి అని చెబితే అత్త నవ్వింది.
ఆవిడకి పాతరంటే వీధిలో తవ్విన గొయ్యి,
గడ్డివెంటి చుట్ల మధ్య వడ్లు,
పైన మట్టి, మట్టి మీద పేడ అలుకు.
తీసేనాడు తాడుకట్టి ముందు దీపం దించేవారట.
దీపం ఆరితే ఎవరూ దిగరు.
"మీ సంచిలోకి ఏటి దించుతారే, రత్నం?"
నవ్వేసి ఊరుకున్నాను.

పెద్ద పెయ్య రాగి
మొదటి రోజు మూతి తిప్పేసుకుంది.
తవుడు కలిపి గుప్పెడు పెట్టాను.
(తవుడికి కొనుక్కుని బతికించుకున్న బిడ్డే మా ఆయనా;
ఆ పేరు అలా వచ్చిందే.)
గుప్పెడు దోసెడైంది, దోసెడు చేటెడైంది.
మూడు రోజులు పేడ జారింది,
నాలుగోనాడు గట్టిపడింది.
దసరా దాటేసరికి
రాగి పక్కటెముకలు లెక్కపెట్టబోతే
నాలుగు దగ్గరే లెక్క తప్పింది.
చుక్క వీపు మీద
వేలితో రాస్తే గీత నిలవనంత నునుపు.
బుడ్డిని మాత్రం దూరంగా కట్టాను,
రెండునెలలది, దానిది ఇంకా పాలపొట్ట.

ఆ తర్వాత తుపాను వాన.
ఎలుక కొరికిన మూల నుంచి
సంచిలోకి గాలి దూరింది.
అరచేయంత తెల్లటి బూజు.
"పైపొర తీసీసి ఎట్టీయే,
డబ్బులు పారబోసుకుంటామేటి?" అన్నాడు తవిటయ్య.
అన్నది అతనే.
పెట్టింది నేను.

మూడోవారం
చుక్క రాట చుట్టూ ఎడమకి తిరగడం మొదలెట్టింది.
గానుగ లేదు, నువ్వులు లేవు,
తిరుగుతూనే ఉంది.
ఒక చెవి తడిగుడ్డలా వేలాడింది,
నోటి పక్కన నమిలిన గడ్డి నమిలినట్టే ఉంది.
ఊళ్లో దిష్టన్నారు, గాలన్నారు.
గోపాలమిత్ర జగ్గునాయుడు బండి దిగి
చెవి ఒక్కసారి ముట్టుకుని
"సంచి ఏదమ్మా?" అన్నాడు.
ఆ మాటకి నేను తల దించుకున్నాను,
తవిటయ్య పాక వెనక్కి వెళ్లిపోయాడు.

డాక్టరు సూదులు రెండు పూటలా పొడిచారు.
బుగ్గలో వేలు పెట్టి జావ పోశాను,
ఎన్ని రోజులో లెక్క లేదు.
చుక్క బతికింది.
చెవి లేవలేదు.

అప్పటి నుంచీ ప్రతి ఉదయం
సంచిలోంచి తీసిన మొదటి గుప్పెడు
అత్త ముక్కు కిందే.
కుదిరినాదంటే పెయ్యలకి,
ఊఁ అని మూలిగితే పెంటకుప్పకి.
ఓసారి సగం సంచి పోయింది;
తవిటయ్య ఏం అనకుండా మోసుకెళ్లాడు.

నిన్న అత్తకి పడిసెం.
గడ్డి వాసన చూసి, మళ్లీ చూసి
"ఏటీ తెలటం నేదే" అంది.
గుప్పెడు పట్టుకుని పాక గుమ్మంలో నిలబడ్డాను.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
పులుపే. చోడంబలి పులుపే.
దాని అడుగున మరింకేదో ఉందా,
లేక అది నా చేతి వాసనా?

లోపల చుక్క నమలడం ఆపింది.
పనిచేసే చెవి నా వైపు తిప్పి
చూస్తోంది.