ముప్పై ఏడు లింకులు

ఆ దీవికి పడవ వారానికి రెండుసార్లే.
వానకు మాత్రం చిలోయేలో సెలవు లేదు.
నా ఒళ్ళో సంచీ, సంచీలో ప్లాస్టిక్ కవరు,
కవర్లో ఒక జాబితా:
ఒకటి నుంచి నాలుగు తరగతుల టీచర్లకి పనికొచ్చే
ముప్పై ఏడు లింకులు.
కాస్త్రో ఆఫీసులో హీటరు పక్కన కూచుని
మూడు నెలలు ఏరాను వాటిని,
బియ్యంలో రాళ్ళేరినంత శ్రద్ధగా.

పడవ నడిపే నోల్బెర్టో అడిగాడు:
"అంత భద్రంగా పట్టుకున్నావ్, ఏముందందులో?"
"ఇంటర్నెట్టు."
"అయితే తడవనీకు," అన్నాడు.
నవ్వుతాడేమోనని చూశాను.
నవ్వలేదు.

బళ్ళో పదకొండు మంది. తరగతులు నాలుగు.
గది ఒకటే, కట్టెల పొయ్యి ఒకటే,
ఎదువీనా టీచరూ ఒకతే.
పొయ్యి మీది తీగకి పిల్లల ఉన్ని మేజోళ్ళు
ఆవిర్లు కక్కుతూ ఆరుతున్నాయి.
నా జాబితా అందుకుని, కళ్ళజోడు తుడుచుకుని
దూరపు చుట్టం రాసిన ఉత్తరం చదివినట్టు
చివరి గీత దాకా చదివింది.
"మంచివేనమ్మా ఇవన్నీ. రా, ఒకటి చూపిస్తాను."

బడి వెనక బంగాళాదుంపల మడి,
మడి దాటితే కంచె, కంచె దాటితే
నరికేసిన చెట్టు మొద్దు.
"దీని మీద నించుంటే రెండు గీతలు.
చెయ్యెత్తితే మూడు.
ఉత్తరపు గాలి లేచిందా, నీకూ నాకూ గుండు సున్నా.
అగ్నిపర్వతం వీడియో కోసం
నాలుగు రాత్రులు గొడుగేసుకుని నించున్నాను.
లావా పొంగే చోటికి సరిగ్గా వచ్చేసరికి
డేటా అయిపోయింది.
మా పిల్లలకి తెలిసిన అగ్నిపర్వతం
రెండేళ్ళుగా పొగలు కక్కుతూనే ఉంది,
ఇంకా పేల్లేదు."

చేతిలో ముప్పై ఏడు లింకులు.
మొద్దు మీద నేను.
వాన.

లోపలికొచ్చాక బిస్కెట్ల డబ్బా దించింది.
డబ్బా నిండా మెమరీ కార్డులు,
గోరంతవి, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం.
ఎర్రది కూడికలు. పచ్చది పక్షులు.
పసుపుది తడిసి ఎండి బతికింది, పాటలు కొన్ని పోయాయి.
నీలం సంగతి అడక్కు, ఇంకా సర్దలేదు.
ఏడు దీవుల్లో ఏడుగురు టీచర్లు.
ఎవరికి సిగ్నల్ దొరికితే వాళ్ళు దించుతారు,
తమదొకటి కలుపుతారు,
రొట్టెల సంచీలో పెట్టి పై దీవికి పంపుతారు.
ఒకామె తన పిల్లల చేత
ఊదా దుంపల్నీ నల్ల దుంపల్నీ లెక్కపెట్టించి
ఫోన్లో తీసిన గుణకారం పాఠం ఉంది.
చివర్లో ఒక దుంప దొర్లిపోతే
కెమెరా దాని వెనకే పరిగెత్తింది.
నా ముప్పై ఏడింట్లో అలాంటిది లేదు.

"ఇక్కడ ఇల్లు జరపాలంటే
ఊరంతా తాళ్ళు పట్టి లాగుతాం కదా," అంది,
"ఫలానా ఎడ్లు నావని ఎవరంటారు?
ఇల్లుగలామె అందరికీ అన్నం పెడుతుంది. అంతే."

"మరి మోసేదెవరు ఇవన్నీ?"
రేవు వైపు గడ్డం ఎగరేసింది.
నాలుగేళ్ళుగా నోల్బెర్టో.

కాస్త్రోలో నా కోసం ఒక ఫారం కాచుకుని ఉంది:
ఎన్ని లింకులు పంచారు? ఎంతమంది తెరిచారు?
రెండు గళ్ళూ ఖాళీగా వదిలేశాను.
ఆ రాత్రి అందరూ వెళ్ళాక
ఆఫీసు నెట్టు మీద ఒక్కొక్కటే దించుకున్నాను.
ఎనిమిదింటికి అనుమతి లేదంది.
రెండిట్లో సగం ప్రకటనలే.
మిగిలినవి ఒక కార్డులోకెక్కించి
ఇంట్లో వెతికితే దొరికిన నారింజ దారం కట్టాను.

గురువారం రేవులో
నోల్బెర్టో చెయ్యి చాపాడు.
"ఈసారేంటి?"
"అగ్నిపర్వతం. మొత్తం."
ఉన్ని టోపీ తీసి, కార్డు అందులో దోపి,
చెవులు మూసేలా మళ్ళీ లాక్కుని
ఇంజను తాడు అందుకున్నాడు.