బ... తర్వాత

లాన్సెస్టన్‌లో తెల్లవారుజాము మూడున్నర.
టేమర్ నది మీంచి లేచిన పొగమంచు
బేకరీ వెనక తలుపు దాకా వచ్చి ఆగింది,
రమ్మంటే లోపలికి వచ్చేలా.

పిండి తూస్తున్నాడు కుర్రాడు.
పేరు కాలమ్. నా చెవికి అది కాలం.
ఇరవై రెండేళ్ళు. నత్తి.
"బ... బ..." అన్నాడు.
"బటరా?"
తల అడ్డంగా ఊపాడు. "బ..."
"బేసినా? బర్నర్ ఆరిందా?"
నేను చురుకైనవాణ్ణి.
ఎదుటివాడి నోట్లో మాటని
పొట్టు వలిచి చేతిలో పెట్టగలను.
సాయం అనుకునేవాణ్ణి దాన్ని.
వాడు ఒక్క క్షణం నా కళ్ళలోకి చూసి
"సరే, బటరే" అన్నాడు.
తెచ్చిచ్చాను.
ఎవరికీ అక్కర్లేని వెన్న
పొద్దెక్కేదాకా బల్ల మీద కరిగింది.

మర్నాడు వాడు నోరు తెరవలేదు.
బల్ల మీద చల్లిన మైదాలో వేలితో రాశాడు:
నిన్న చెప్పబోయింది మా అన్న గురించి.
నా మాట నన్నే ముగించనీ.
నేను చదివానని చూసుకున్నాక
అరచేత్తో చెరిపేసి
దాని మీదే పిండిముద్ద పరిచాడు.
ఊళ్ళో ఆ వాక్యాన్ని
ఆ పూట ఎవరు తిన్నారో.

ముందు కోపమే వచ్చింది. అబద్ధమెందుకు.
వీడికి ట్రే పట్టుకోవడం నేర్పిందెవరు,
పొయ్యి చురకలకి మందు రాసిందెవరు అని
ఇన్వర్మే దాకా కారులో ఒక్కణ్ణే వాదించాను.
ఆ వాదనలో
వాడి వైపు మాటలు కూడా నేనే చెప్పాను.

అక్కడ దొరికిపోయాను.

ఇంటికెళ్ళి సుభాషిణిని అడిగాను,
"నేను ఎవర్నీ మాట్లాడనివ్వనా?"
"అదేం లేదు గానీ, ఒక్కోసారి..."
"ఒక్కోసారే కదా!"
గిన్నెలు తుడిచే గుడ్డ భుజాన వేసుకుని
ఆమె నవ్వింది, చాలాసేపు.
ఆ నవ్వులో పంతొమ్మిదేళ్ళున్నాయి.

మేదిని సంగతి అప్పుడు తట్టింది.
బడి కబుర్లు నాతో చెప్పేటప్పుడు
పిల్ల ఊపిరి తీసుకోదు,
పచ్చలైటు పోయేలోగా రోడ్డు దాటేస్తున్నట్టు.
వాళ్ళమ్మతోనైతే మధ్యలో ఆగుతుంది,
ఆపిల్ కొరుకుతుంది, కిటికీలోంచి చూస్తుంది,
ఎక్కడ ఆపిందో మర్చిపోయి
ఇంకెక్కడో మొదలెడుతుంది.

రాత్రి నిద్ర లేదు. తవ్వుకున్నాను.
లెక్కల మాస్టారి క్లాసులో
ముందు చెయ్యెత్తినవాడికే మార్కు. సరే.
మాస్టారు పోయి ఎన్నేళ్ళయింది?
ఇంకాస్త లోపలికెళ్తే
అన్నం కంచం ముందు మాట్లాడకుండా మా నాన్న.
ఆ మౌనం ఎటు విరిగి ఎవరి మీద పడుతుందో తెలీదు,
పడేలోగా ఏదో ఒకటి అనెయ్యాలి,
వానొచ్చేలా ఉందనో, ఉప్పు సరిపోయిందనో.
ఆ పిల్లాడే ఇంకా నాలో
ఖాళీ కనిపిస్తే చాలు పరిగెత్తుకొస్తున్నాడు.
వాణ్ణి కసరబుద్ధి కాలేదు.
కూర్చోమన్నాను. కూర్చోలేదు.

ఇవాళ మళ్ళీ మూడున్నర. మంచు, పొయ్యి, తూకం.
"బ..."
పళ్ళు బిగబట్టాను.
నా నోట్లో అప్పటికే నాలుగైదు మాటలు
బస్సు కోసం తోసుకుంటున్నాయి.
పొయ్యి టిక్కుమంది.
నది అవతల లారీ ఏదో గేరు మార్చింది.
వాడి మెడ నరం ఉబ్బింది.
నేను చూపు తిప్పుకోలేదు,
గడియారం వైపు అసలే తిప్పలేదు.
"బ్రదర్" అన్నాడు.
"మా బ్రదర్... ఆ... ఆదివారం..."

పెళ్ళనుకున్నాను.
జైలు నుంచి వస్తున్నాడనుకున్నాను.
పోయాడనుకున్నాను.
అనుకోవడం ఇంకా ఆగలేదు.
పెదవులు మాత్రం మూసే ఉంచాను.

వాడు తీరిగ్గా
ఊపిరి తీసుకున్నాడు.