యాభై మూడు నిమిషాలు

బెంగళూరు రోడ్డు మీద, రాప్తాడు దాటినాంక
శెనక్కాయ చేన్లుండిన చోట
ఇప్పుడు అలలు లేస్తాయి, గంటకు నాలుగుసార్లు.
గేటు కాడ నా పని కంకణాలు కట్టేది.
నీలం రబ్బరు కంకణం, లోపల బియ్యపు గింజంత చిప్పు.
"పొయ్యేదాకా ఇప్పొద్దండీ."
దినానికి ఆరేడు నూర్లసార్లు ఈ మాట.
ఇప్పుడది నా నోరు అంటాది, నేను కాదు.

నా పేరు కుళ్లాయమ్మ.
బ్యాడ్జీ మీద కావ్య అని కొట్టించినారు.
పలికేదానికి సులువంట.

ఆ మంగళవారం తాడిపత్రి బస్సొకటి దిగె,
పొదుపు సంఘం ఆడోళ్లు, నలభై మంది, ఒకటే నవ్వులు.
ఒకామె చేతులు చూస్తి.
బండల పాలిష్ ఫ్యాక్టరీ చేతులు. గోళ్ల సందున తెల్లటి పిండి,
ఎంత తోమినా పొయ్యే రకం కాదు.
లాకరుకు వేలిముద్ర కావల్ల.
పెట్టింది. ఎర్ర లైటు.
కొంగుకు తుడుచుకోని పెట్టింది. ఎర్ర లైటు.
"రేషనంగడి మిషనూ ఇంతేమ్మా,
నేను నేను కాదంటాది.
గీతలన్నీ బండలు తినేసినాయి" అని నవ్వె.
పేరు చిన్న ఓబుళమ్మ. ఫోన్ నంబరడిగితే
శానాసేపు పైకి చూసి
నోటికొచ్చిన ఒకే ఒక నంబరు చెప్పె.
నేను కొడితి. కంకణం కడితి.
వేలును ఎరగని మిషను
మణికట్టును రెప్పపాటులో గుర్తుపట్టె.

మధ్యాన్నం నాకు కంట్రోల్ రూము.
గోడంత తెర. పార్కంతా చుక్కలు,
ఐస్‌క్రీం బండి కాడ చీమల మాదిరి మూగుతా
రంగులరాట్నం కాడ తోకలు కడతా.
ఎవురు యాడ నిలబడినారు, ఏమీ కొనకుండా తిరిగినారు,
ఎన్నిసార్లు బాత్‌రూముకు పోయినారు,
అన్నీ తెలుస్తాయి.
మొదటి వారం సిగ్గయ్యె.
రెండో వారం కాలే.

ఒక చుక్క మాత్రం కదల్లే.
కొండ వెనక, జలపాతం మోటరు రూము పక్కన.
కొన్నది సున్నా. నడిచింది సున్నా.
ముప్పై నిమిషాలకు పసుపాయె, నలభైకి ఎరుపు.
"పోయి చూసిరా, కావ్యా" అనె సారు.

పోతి.
సిమెంటు కొండకు వీపానించి, కాళ్లు బారజాపి,
నోరు కొంచెం తెరుచుకోని నిద్రపోతాంది.
చెయ్యి పక్కన కొండ మీద గోటి గీత.
రాయి కాదని గీకి చూసుకున్నాకే
ఆనుకున్నట్టుంది.
లేపబుద్ధి కాలే.
మోటరు రొదలో నేనూ కూచుంటి,
తొమ్మిది నిమిషాలు.
తొమ్మిదని నాకెట్ల తెలుసంటే
సాయంత్రం సారు చెప్పినాడు.
నా బ్యాడ్జీలో కూడా ఉండాదంట ఒక గింజ.

శుక్రవారం ఫోనొచ్చె.
"ఎవురమ్మా మీరు? నాకేందో మెసేజి పంపినారు,
'మా కొండ దగ్గర యాభై మూడు నిమిషాలు ఆనందించారు,
మళ్లీ రండి, ఇరవై శాతం తగ్గింపు' అని.
నేను తాడిపత్రి మేస్త్రీని. మీ కొండ ముఖం చూసినోన్ని కాదు.
మా కాడ ఓబుళమ్మని ఒకామె
మంగళవారం జరమొచ్చిందని రాలే.
మీ కాడికేమన్నా వచ్చిందా?"

తెర మీద ఉండాది.
రాక, పదీ పన్నెండు. పోక, ఐదూ నలభై.
ఆ పక్క గడిలో: వేలిముద్ర సరిపోలలేదు.
నేను ఆ గడే చదివితి.
"మా మిషను ప్రకారం అట్లాంటామె రాలే సార్.
నంబరు తప్పు పడింటాది."
అవతల కొంచేపు బండలు కోసే రొద.
ఇంక పెట్టేసె.

అప్పుడు గుర్తొచ్చె,
ప్రతి ఫోనుకూ ముందుగా ఒక ఆడగొంతు చెప్పే మాట:
నాణ్యత కోసం ఈ సంభాషణ రికార్డు చేయబడుతుంది.
యాడో ఒక తావున నా అబద్ధముండాది,
నా గొంతుతోనే,
కావ్య పేరు మీద.

గేటు కాడ ఇంకో బస్సు నిలబడె.
కంకణాల పెట్టె తెరిస్తి.