సుడి

ఏర్పేడు బస్సులో నా ముందు సీట్లన్నీ గుండ్లే.
చందనం ఇంకా ఆరలేదు.
ఆ పసుపు కింద తలకొక సుడి.
కుడికి తిరిగింది, కుడికి తిరిగింది, కుడికి,
కిటికీ పక్క పిల్లోడిది ఎడమకి.
లెక్కపెట్టడం మానలేను.

ల్యాబులో నా పని ఈగ రెక్క.
పండీగ. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర మూగేదే.
చిత్తూరు బెల్లం, మొక్కజొన్న పిండి ఉడికించి
సీసాల్లో పోసి సాకుతాం.
రెక్క మీద కణానికి ఒక్కటే వెంట్రుక,
అన్నీ కొస వైపే వాలి ఉంటాయి,
కోతకొచ్చిన వరి మీద గాలి పోయినట్టు.
ఒక్క జీను చెడగొడితే
దారి తప్పి గుండ్రంగా తిరుగుతాయి.

పక్క కణం ఎటు చూస్తోందో తాకి కనుక్కుని
తనూ అటే తిరుగుతుందట కణం.
ఈ మాట రాసిస్తే మా సార్
"ట" కొట్టేసి ఆధారం అడిగాడు.
మూడేళ్లుగా ఆ "ట"ని తుడవడమే నా పీహెచ్‌డీ.

అమ్మ కొండమీద, కల్యాణకట్టలో.
తెల్లారి మూడింటికి షిఫ్టు.
నాకేమో ఎనిమిది గంటలకోసారి కన్నె ఈగల్ని ఏరే పని,
మగవాటితో కలవకముందే.
ఆదివారం జీవకోన గదిలో
ఇద్దరు నిద్రలేని ఆడోళ్లం ఎదురెదురుగా కూర్చుంటాం.
నీళ్లలో నాని నాని అమ్మ వేళ్ల గీతలు అరిగిపోయాయి,
రేషన్ మిషను ఆమెని గుర్తుపట్టదు.

ఒకసారి చెడిన రెక్క ఫోటో చూపించా.
కళ్లద్దాలు పైకి తోసి చూసింది.
"ఇది రెండు సుళ్ల తల కదమే."
"అయితే రెండు పెళ్లిళ్లా?"
"పెండ్లిండ్ల సంగతి నాకు తెలీదు పాపా.
రెండు సుళ్ల నడమ ఉండే వెంట్రుక
యా పక్కకి పోవాల్నో తెలీక నిలబడిపోతాది.
గాటు పడేది ఆడే.
కత్తి ఆడ మెల్లగా పోవాల."

టీ గ్లాసు కింద పెట్టేశా.
నేనెప్పుడూ సుడి లోపలే చూశాను.

మనిషి తలకీ ఈగ రెక్కకీ ఒకటే జీనా అంటే
నేను చెప్పను. నాకు తెలీదు.
కానీ సోమవారం పాత ఫోటోలన్నీ మళ్లీ తెరిచా,
నాలుగు వందల పన్నెండు.
సుడికీ సుడికీ నడుమ, ఎవరి మాటా వినపడని సందులో,
అక్కడో కణం
రెండు వెంట్రుకలు మొలిపించుకుని నిలబడి ఉంది.
ఇంకో ఫోటోలో ఇంకోటి.

సార్ మార్జిన్‌లో రాశాడు:
ఇక్కడ వెతకాలని ఎవరు చెప్పారు?
మా అమ్మ, అని రాశా.
కింద మళ్లీ ఎర్ర సిరా:
ఎన్ని తలలు చూసి?

ఈ ఆదివారం అడగాలి.