ముడి లోపల

ముడి విప్పకూడదు.
మా వృత్తిలో మొదటి పాఠం అది.
తాడును ఎక్కడైనా కోసుకో, ముడి జోలికి మాత్రం పోకు.

ముప్పై మూడేళ్ల కిందట లోఫోటెన్ దీవుల్లో
కాడ్ చేపలు తలకిందులుగా ఎండే కొయ్య పందిళ్ల కింద
ఎయిలెర్ట్ స్కౌగెన్ అనే కుర్ర పోలీసు
ఆ ఒక్క పాఠమే గుర్తుపెట్టుకున్నాడు.
తక్కినవన్నీ మరిచాడు,
చేతి తొడుగులతో సహా.

ఆ ముడి ఇవాళ ఓస్లోలో నా బల్ల మీద ఉంది.
కాగితం సంచి విప్పగానే తారు వాసన, ఉప్పు వాసన.
టూరున్ వాసన ఏదీ లేదు.
పంతొమ్మిదేళ్ల పిల్ల.
రేవులో కాడ్ నాలుకలు కోసి
మోటారు సైకిల్ కోసం కూలి డబ్బు దాచుకునేది.
ఫైలులో ఆ సంగతి ఒక్క వాక్యం.
నేను రెండుసార్లు చదివాను.

నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నావిడ
ఇరవై ఏళ్ల కిందట తాడు పొడవునా దూదిపుల్ల రాసింది.
దూదికి తెలిసేవి పైపై కబుర్లే.
దొరికింది ఒక్క మనిషి: ఈసాక్ బ్రాట్లీ.
దొరక్కేం? తాడు అతని పడవదే.
కోర్టుకు అది చాల్లేదు.
ఊరికి చాలింది.
నిప్పు లేనిదే పొగ రాదన్నారు.
అతని పక్కన పడవ కట్టడం మానేశారు.
అతను పట్టిన చేపకు
ఆ రేవులో తూకం లేకుండా పోయింది.

ఇప్పుడు మా దగ్గర ఒక యంత్రం ఉంది,
తివాచీలు కడిగేదానికి చిన్న చెల్లెల్లా ఉంటుంది.
ఒక మూతితో శుద్ధమైన నీళ్లు చిమ్ముతుంది,
అవి ఇంకేలోపే ఇంకో మూతితో పీల్చేస్తుంది
రాతి గరుకులోంచి, ఇటుక బొరియల్లోంచి,
పేనిన నారలోంచి.
దూది బతిమాలినా రానిది
దీని గుక్కకు వస్తుంది.

అందుకే ఇవాళ పాఠం తప్పాను.
ఒక్కో మెలికకు ఒక్కో ఫోటో, తొంభై ఒకటి.
శ్వాస నాది తగలకుండా రెండు మాస్కులు.
రెండున్నర గంటలు.

పై మెలికలో ఎయిలెర్ట్ దొరికాడు.
ఇంకెవరు?
రిటైరైన మనిషి రైలెక్కి వచ్చి
పళ్ల డాక్టరు ముందు పిల్లాడిలా నోరు తెరిచాడు,
బుగ్గ లోపలి తడి ఇచ్చాడు.
"ఆ రోజు జలుబు నాకు," అన్నాడు,
తప్పు ఒప్పుకుంటున్నట్టు.
ఎంత కొంచెమైనా దొరుకుతున్నకొద్దీ
మా భయమూ పెరుగుతోంది మరి.
తుమ్మినవాడూ, తాకినవాడూ, చంపినవాడూ
వడపోత కాగితం మీద ఒకే రంగు.

అట్టడుగు మెలిక దగ్గర మాత్రం
తాడు ఇంకా కొత్తది.
ఎండ చూడని, వాన చూడని
గోరంత లేత పసుపు.
అక్కడ
బలంకొద్దీ బిగించిన చెయ్యి
బలంకొద్దీ ఒరుసుకుని
తన తోలు కాస్త వదిలి వెళ్లింది.
కొన్ని పదుల కణాలు. అంతే.

మగవాడు.
ఎయిలెర్ట్ కాదు.
ఈసాక్ కాదు.
మా జాబితాల్లో ఎవరూ కాదు.
ఒక అంకెల వరస, పేరు కోసం ఎదురుచూస్తూ.

ఫలితం చెప్పడానికి ఎయిలెర్ట్ తనే వెళ్లాడట,
ఎవరూ పంపకుండానే, పెద్ద పడవలో, గాలిలో.
డెబ్బై నాలుగేళ్ల ఈసాక్ వల బాగుచేసుకుంటూ అంతా విన్నాడు.
చేతులు ఆగలేదు.
చివరికి అడిగాడట:
"తాడు ఎప్పుడిస్తారు? అప్పుడే కొన్నాను దాన్ని."

నా రిపోర్టులో ఆ ప్రశ్నకు గడి లేదు.
బల్ల మీద తాడు నిడుపుగా పరిచి ఉంది.
పరిచి ఉందనే గానీ
విప్పి మూడు రోజులైనా
నడుమ ఆ మూరెడు మేర
ఇంకా ముడిలాగే వంకర తిరిగి ఉంది.