మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య

మొదట రాయనుకున్నాను.
సింహాచలంలో బండి ఆపి
ఎడమ బూటు విప్పి దులిపాను.
ఏమీ రాల్లేదు.
మేజోడు తిరగేసి దులిపాను.
"ఏటెతుకుతన్నావు సూరీ?" అంది కండక్టరు నూకరత్నం,
చిల్లర లెక్కపెట్టుకుంటూ.
"రాయి."
"కనబడిందా?"
"నేదు. ఉంది మాత్రం."

గోశాల దగ్గర ఒకసారి, గోపాలపట్నంలో ఏడుసార్లు,
ఎన్ఏడీ దాటేసరికి లెక్క తప్పేది.
క్లచ్చి తొక్కినప్పుడల్లా
పాదం కింద ఎవరో అగ్గిపుల్ల గీసేవారు.
ఆర్పాలంటే కాలు ఎత్తాలి.
వెనకాల డెబ్భైమంది,
ఒకావిడ ఒళ్ళో గుడ్ల ట్రే.

అందరి నొప్పికీ ఏం ఉంటాయో గానీ
నా నొప్పికి స్టాపులున్నాయి.
కంచరపాలెం మెట్టు దగ్గర చురుకు.
కాంప్లెక్సు మలుపులో కరెంటు.
జగదాంబ సిగ్నల్లో ఎరుపు పడగానే
బూటు విప్పేసి
ఇనప పెడలు మీద ఉత్త పాదం ఆనించేవాణ్ణి.
ఆ చల్లదనం కోసం ఆ సిగ్నల్ని ప్రేమించాను.
విశాఖపట్నంలో ఇంకెవరూ ప్రేమించి ఉండరు.

ఆముదం రాశాం. ఇటుక కాపడం పెట్టాం.
బావమరిది జిల్లేడాకు కట్టాడు.
ఒకాయన గ్యాసన్నాడు.
ఒకాయన షుగరేమో అన్నాడు, పరీక్షలో షుగరు లేదు,
లేనందుకు ఎందుకో సిగ్గుపడ్డాను.
ఎక్స్‌రే తీసినవాడు, ఎముకలు బంగారంలా ఉన్నాయన్నాడు.
బంగారం నొప్పెడుతోంది బాబూ అన్నాను.

కేజీహెచ్‌ని ఆ ఏటవాలు మీద కట్టినవాడికి
కాలినొప్పి ఉండి ఉండదు.
ఓపీ చీటీ పట్టుకుని పీతలా పక్కవాటంగా ఎక్కాను.
డాక్టరమ్మ మాధురీలత, మా పెద్దమ్మాయి ఈడు,
పాదాన్ని రెండు పక్కలా పట్టి
నిమ్మకాయని పిండినట్టు పిండింది.
లోపల టిక్కుమంది.
ఆమె వేళ్ళకి తెలిసింది.
పది నెలలుగా నా ఒక్కడికే తెలిసినది
ఇంకో మనిషికి తెలిసింది.
కళ్ళలో నీళ్ళు తిరిగాయి.
పిండినందుకే అనుకుని ఉంటుంది.

"నరం అండీ. రెండెముకల మధ్య నలిగి నలిగి
ఉబ్బింది. కందిగింజంత."

ఇరవైరెండేళ్ళ సర్వీసు.
రోజుకి ఎన్ని వందలసార్లు తొక్కానో ఆ క్లచ్చి.
చివరికి కూడబెట్టింది
కందిగింజంత.

వెడల్పు బూట్లు కొన్నాను, బాతుకాళ్ళని నవ్వారు డిపోలో.
పూర్ణామార్కెట్ వెనక ముత్యాలు
పాత ట్యూబుముక్కని బిళ్ళగా కోసి
అంచులు రాతి మీద అరగదీశాడు.
"నొప్పున్న కాడ కాదండి, దానికి ఎనకాల పెట్టాల.
ఎముకలు ఇడిపోయి నరానికి జాగా వొస్తాది."
డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పిందీ అదే.
అతనికి బొమ్మ అక్కర్లేకపోయింది.
అరవై రూపాయలు తీసుకున్నాడు.

మొదటి సూదికి మూడు నెలలు పడుకుంది కందిగింజ.
రెండో సూదికి ఆరు వారాలు.
"తీసేద్దామా మరి?
తీస్తే ఆ వేళ్ళ సందున స్పర్శ ఉండదు.
ఆలోచించుకోండి" అంది.

ఆలోచించుకోడానికి నాకు
ఆర్కే బీచిలో ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య పన్నెండు నిమిషాలుంటాయి.
బూట్లు చేత్తో పట్టుకుని ఇసకలో దిగాను.
కెరటం వచ్చి వెనక్కి పోతూ
పాదం కింద నేలని లాక్కుపోయింది.
తడి ఇసక ప్రతి సందులోంచీ జారింది,
ప్రతి సందుకీ దాని వాటా,
మూడుకీ నాలుగుకీ మధ్య కూడా,
మంటతో సహా.

ఇది కూడా పోతుందన్నమాట.

ఏడాదిగా తిట్టిన చోటుని వంగి
బొటనవేలితో నిమిరాను.
కరిచే కుక్కని నిమిరినట్టు,
కొంచెం దూరంగా ఉండి.

"టైమైపోనాది సూరీ!" నూకరత్నం విజిలూదింది.
చీటీ ఇంకా చొక్కా జేబులోనే ఉంది,
సంతకం పెట్టే చోట ఖాళీగా.
సీటెక్కి బూటు దులిపాను.
ఈసారి రాలింది.
చాలా రాలింది.